మార్వెల్ యూకే ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ వారపత్రిక: ఏ వరసలో చదవాలి, పాత సంచికలు ఎలా చూసి కొనాలి, ఎలా దాచాలి

నీలిసిరా
వాహనాలుగా, ఇతర రూపాల్లోకి మారే రోబోలైన ట్రాన్స్‌ఫార్మర్స్ ఆటబొమ్మల మీద మార్వెల్ వాళ్ళ లండన్ శాఖ నడిపిన ఇంగ్లిష్ వారపత్రిక గురించి ఒకేచోట వివరంగా మాట్లాడుకుందాం. అమెరికా సిరీస్ 80 సంచికలు చదివినవాళ్ళు కూడా ఈ బ్రిటన్ పత్రిక దగ్గరికొచ్చేసరికి తికమకపడుతున్నారు. ఏది అమెరికా కథ, ఏది బ్రిటన్‌లోనే రాసింది? మొదటి నుంచి చదవాలా, మధ్యలో ఎక్కడైనా అందుకోవచ్చా? పాత సంచికలు తెప్పించుకుంటే మన కోస్తా ఉక్కపోతలో ఆ కాగితం బతుకుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్
ముందు లెక్క చెప్తాను. పత్రిక మొదలైంది 1984 సెప్టెంబరులో, ఆగింది 1992 జనవరిలో. మొత్తం 332 సంచికలు. మొదటి 26 పక్షానికొకటి వచ్చాయి. 27వ సంచిక నుంచి, అంటే 1985 సెప్టెంబరు నుంచి, వారపత్రిక. చివరి నెలల్లో మళ్ళీ పక్షపత్రిక అయింది.

తికమకంతా ఎక్కడొస్తుందంటే, అమెరికాలో ఒక సంచిక కథ 22 పేజీలు. ఇక్కడ బ్రిటన్‌లో దాన్ని చెరి 11 పేజీలుగా కోసి రెండు సంచికల్లో వేశారు. అమెరికా 1 నుంచి 4 వరకు ఇక్కడ 1 నుంచి 8 అయ్యాయి. అమెరికాలో అది మొదట నాలుగు సంచికల పరిమిత సిరీస్‌గానే మొదలైంది, అదీ రెండు నెలలకొకటి. అయిదో సంచిక రావడానికి వ్యవధి పట్టింది. ఇక్కడేమో పక్షం తిరిగేసరికి పుస్తకం బడికి చేరాలి, చేతిలో కథ లేదు. అందుకని 9వ సంచిక నుంచి సొంతంగా రాయించడం మొదలుపెట్టారు.

9-12 ‘మ్యాన్ ఆఫ్ ఐరన్’. రాసింది స్టీవ్ పార్క్‌హౌస్. 13-17 ‘ది ఎనిమీ వితిన్’. సైమన్ ఫర్మన్ రాసిన మొదటి ట్రాన్స్‌ఫార్మర్స్ కథ ఇదే. 18-21 ‘రెయిడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్’. 22లో మళ్ళీ అమెరికా అయిదో సంచిక అందుకుంటుంది. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి: అమెరికా కథ కొన్ని వారాలు, అది అయిపోగానే ఇక్కడి కథ కొన్ని వారాలు, రెండూ ఒకే కథాక్రమంలో.

కాబట్టి సంచిక నంబరు ప్రకారం చదవడమే సరైన పద్ధతి. బ్రిటన్ కథలు ఒక పక్కన, అమెరికావి ఒక పక్కన పెట్టి విడివిడిగా చదివితే ఎవరు ఎప్పుడు దెబ్బతిన్నారో, ఎవరు ఎక్కడున్నారో అర్థం కాదు.

సైబర్‌ట్రాన్_సత్తి
బాబాయ్ గారూ, కొత్తవాళ్ళని 1 నుంచి మొదలుపెట్టమంటే 20 దాటకుండానే వదిలేస్తారండి. మొదటి ఏడాది బొమ్మలో రంగులు కూడా నిండుగా ఉండవు, కొన్ని పేజీలే రంగుల్లో వచ్చాయి. 78కి వెళ్ళమనండి. 78-88 ‘టార్గెట్: 2006’. పత్రిక అంటే ఏంటో ఆ పదకొండు సంచికల్లో తెలిసిపోతుంది.

బర్మింగ్‌హామ్_బాబాయ్
సత్తీ, 78 గొప్ప కథే, కాదనను. కానీ ఆ కథ దెబ్బ తగలాలంటే మంచి రోబోల పక్షమైన ఆటోబాట్ల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ మాయమవడం పాఠకుడికి వెలితిగా తోచాలి. ప్రైమ్‌తో ముందు కొంత సావాసం ఉంటేనే అది జరుగుతుంది. మధ్యేమార్గం చెప్తాను: 1-8, తర్వాత 9-17, తర్వాత డైనోసార్లుగా మారే డైనోబాట్ల వేట నడిచే 47-50, తర్వాత 78. ఇవి పాతిక సంచికలు కూడా కావు. 78-88 పూర్తయ్యాక వెనక్కొచ్చి వదిలేసినవి చదువుకోవచ్చు.

పిన్నుపెట్టె
‘టార్గెట్: 2006’ ఎందుకు అంత ముఖ్యమో కథ చెడగొట్టకుండా చెప్తాను. ట్రాన్స్‌ఫార్మర్స్ కార్టూన్ సినిమా అమెరికాలో 1986 ఆగస్టులో వచ్చింది, బ్రిటన్‌లో డిసెంబరులో. ఈ కథ నడిచింది ఆ మధ్యలో, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. అంటే గాల్వట్రాన్, సైక్లోనస్, స్కర్జ్ అనే విలన్లు ఎవరో బ్రిటన్ పిల్లలు సినిమా హాల్లో కంటే ముందు పత్రికలోనే చూశారు.

ఫర్మన్ పెట్టుకున్న నియమం చాలా చక్కనిది. భవిష్యత్తు నుంచి ఈ ముగ్గురూ 1986కి వస్తే, ఆ కాలంలో ఉన్న ముగ్గురు వాళ్ళకి చోటిచ్చి శూన్యంలోకి పోవాలి. అలా ప్రైమ్, ప్రౌల్, రాచెట్ మాయమవుతారు. మిగిలిన ఆటోబాట్లకి కారణం తెలియదు, చదివేవాడికీ మొదట తెలియదు. ఇంకోపక్క సైబర్‌ట్రాన్ గ్రహం మీద రెకర్స్ దళం ‘ఆపరేషన్: వాల్కనో’ అనే పథకం వేసుకుని అల్ట్రా మాగ్నస్ కోసం ఎదురుచూస్తుంటుంది. ఆయనేమో ప్రైమ్‌ని వెతుక్కుంటూ భూమ్మీదికి వచ్చేశాడు. ఒక్కడి కోసం రెండు చోట్ల ఎదురుచూపు. వారం వారం చదివేవాణ్ణి కట్టిపడేసింది అదే.

కాలప్రయాణం నియమం తర్వాత కథల్లోనూ కొనసాగుతుంది. దాని లెక్కలన్నీ తేలేది 199-205 ‘టైమ్ వార్స్’లో. అందుకే 78-88 చదవకుండా 199 పట్టుకోవద్దు.

నీలిసిరా
ఇంపాక్టర్, ఎమిరేట్ జారన్ అని రెండు పేర్లు ఈ కథ గురించి చెప్పేటప్పుడు వస్తుంటాయి. ఆ బొమ్మలు అప్పట్లో దొరికేవా?

పిన్నుపెట్టె
దొరికేవి కావు. అసలు సంగతి అక్కడే ఉంది. ఈ పత్రిక బొమ్మలు అమ్ముకోవడానికి పుట్టింది. టకారా వాళ్ళు జపాన్‌లో అమ్మిన డయాక్లోన్, మైక్రో ఛేంజ్ బొమ్మల్ని హాస్బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమెరికా బజార్లో పెట్టింది. వాటికి పేర్లు, గుణగణాలు రాసింది ఎక్కువగా మార్వెల్‌లో ఉన్న బాబ్ బుడియాన్‌స్కీ. అమెరికా సిరీస్‌ని 55వ సంచిక దాకా నడిపించింది కూడా ఆయనే. కొత్త బొమ్మ అంగట్లోకి వచ్చినప్పుడల్లా కథలో దాన్ని ప్రవేశపెట్టాలి. అందుకే అమెరికా సంచికల్లో ఒకేసారి పదిమంది దిగి తలొక్కరూ పేరు చెప్పుకునే పేజీలు కనిపిస్తాయి.

బ్రిటన్ కథల్లో ఫర్మన్ బొమ్మ లేని పాత్రల్ని తయారుచేసుకున్నాడు. రెకర్స్ నాయకుడు ఇంపాక్టర్‌కి అప్పట్లో బొమ్మ లేదు, జారన్‌కీ లేదు. వాళ్ళకి ఏం జరిగినా అమ్మకాలకి నష్టం లేదు కాబట్టి ఆ పాత్రల ప్రాణానికి నిజంగా ప్రమాదం ఉంటుంది. బొమ్మ ఉన్నవాడు ఎలాగూ తిరిగొస్తాడని పిల్లవాడికి కూడా తెలుసు. ఈ పత్రిక బరువంతా ఆ బొమ్మ లేని పాత్రల మీదే నిలబడిందని నా అభిప్రాయం.

సైబర్‌ట్రాన్_సత్తి
డెత్స్ హెడ్‌ని మర్చిపోయారు! 113వ సంచిక, 1987. గాల్వట్రాన్ తల కోసం వచ్చే కిరాయి వేటగాడు. ప్రతి మాట చివరా ‘యెస్?’ అని అడుగుతాడు. గీసింది జెఫ్ సీనియర్. మామూలుగా అయితే ఈ పత్రికలో పుట్టిన పాత్ర హాస్బ్రో ఖాతాలోకి పోయేది. పాత్రకి బలం ఉందని గ్రహించి, ‘హై నూన్ టెక్స్’ అని ఒకే ఒక్క పేజీ కథ తయారుచేసి మార్వెల్ ఇతర పత్రికల్లో వేశారు. హక్కు మార్వెల్ దగ్గరే ఉండిపోయింది. అందుకే తర్వాత అతనికి సొంత సిరీస్ వచ్చింది, ఇప్పటికీ మార్వెల్ కథల్లో తిరుగుతున్నాడు.

ఆదివారం_అబిడ్స్
సంకలనాల సంగతి ఎవ్వరూ చెప్తలేరు. 332 సంచికలు విడిగా జమ చేసుడు అందరితో అయ్యే పని కాదు. ఐడీడబ్ల్యూ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు ‘ట్రాన్స్‌ఫార్మర్స్ క్లాసిక్స్ యూకే’ పేరుతో బ్రిటన్ కథల్ని పుస్తకాలుగా తెచ్చిండ్రు. అంతకుముందు టైటన్ వాళ్ళు కూడా కొన్ని కథలు వేసిండ్రు. చదువుడే ముఖ్యం అనుకుంటే అవి చాలు. కొనేముందు లోపలి విషయసూచిక ఫొటో అడగండి. ‘ట్రాన్స్‌ఫార్మర్స్ క్లాసిక్స్’ అని అమెరికా కథలకు వేరే వరుస ఉంది, పేరులో ‘యూకే’ ఒక్కటే తేడా. గాభరాలో ఒకటి అనుకుని ఇంకోటి ఆర్డర్ చేస్తరు.

ఇంకో ముచ్చట. ‘మ్యాన్ ఆఫ్ ఐరన్’ను అమెరికావాళ్ళు తర్వాత 33, 34 సంచికలల్ల మళ్ళీ వేసుకున్నరు. ఆ రెండూ ఉన్నోళ్ళకు బ్రిటన్ 9-12 కథ ఉన్నట్టే.

బర్మింగ్‌హామ్_బాబాయ్
సంకలనాల్లో దొరకనివి కూడా ఉన్నాయి, అందుకే అసలు సంచికలకి విలువ. ‘ట్రాన్స్‌ఫర్మేషన్’ అనే సంపాదకీయ పేజీ. ఉత్తరాల పేజీ: జవాబులిచ్చేది రోబోలే. మొదట సౌండ్‌వేవ్, తర్వాత డైనోబాట్ల నాయకుడు గ్రిమ్‌లాక్, ఆ తర్వాత డ్రెడ్‌విండ్, బ్లాస్టర్. గ్రిమ్‌లాక్ పిల్లల్ని కసురుకుంటూ రాసే జవాబులు చదివితే ఆ పత్రికకి, పాఠకులకి మధ్య చనువు తెలుస్తుంది. లూ స్ట్రింగర్ గీసిన ‘రోబో-కేపర్స్’, తర్వాత ‘కంబాట్ కొలిన్’ అనే హాస్య స్ట్రిప్పులు. వెనక పేజీల్లో మార్వెల్ ఇతర కథలు, మెషీన్ మ్యాన్ లాంటివి.

ఒక జాగ్రత్త. 1989 నుంచి పత్రిక రూపు మారింది. బ్రిటన్ కథ 11 రంగుల పేజీల నుంచి అయిదారు నలుపు తెలుపు పేజీలకి తగ్గింది. మిగతా చోటు అమెరికా కథకి, పాత కథల పునర్ముద్రణకి పోయింది. అదే ఏడాది ఫర్మన్ 56వ సంచిక నుంచి అమెరికా సిరీస్ కూడా రాయడం మొదలుపెట్టాడు. ఈ నలుపు తెలుపు కథల్లో గ్రిమ్‌లాక్ ముందుండి నడిపే ‘ఎర్త్‌ఫోర్స్’ కథలు అమెరికా కథాక్రమంతో ఎంత అతికించినా అతకవు. వాటిని వేరే పాయగా చదువుకోండి. నంబరు వరస నియమం ఇక్కడితో సడలుతుంది.

గోదారిగట్టు
ఇక కొనడం, దాచడం. ఇందులో నాకు కొంచెం పని తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అమ్మేవాళ్ళని నాలుగు ఫొటోలు అడగాలి. ఒకటి, ముందు అట్ట. రెండు, నడిమి పేజీలు తెరిచి పిన్నులు కనబడేలా: తుప్పు ఉందా, నడిమి కాగితం ఊడిపోయిందా అన్నది ఇక్కడే తెలుస్తుంది. చాలా సంచికల్లో నడిమి పోస్టరు లాగేసి ఉంటారు. మూడు, పోటీల కూపన్ ఉన్న పేజీ. కూపన్ కత్తిరిస్తే దాని వెనక పేజీలో కథ గడి కూడా పోతుంది. నాలుగు, వెనక అట్ట. ‘మంచి కండిషన్’ అన్న మాటకి అర్థం మనిషిని బట్టి మారుతుంది, ఫొటో అలా మారదు. అట్ట మీద అంటించిన బహుమతి ఇంకా ఉందంటే ధర ఎక్కువ చెప్తారు. చదువుకోవడానికే అయితే దానికి డబ్బు పెట్టక్కర్లేదు.

ప్యాకింగ్ ముందే చెప్పండి. పుస్తకానికి పైన ఒకటి, కింద ఒకటి గట్టి అట్టముక్కలు. ఒకదాని గాడులు నిలువుగా, రెండోదాని గాడులు అడ్డంగా ఉండాలి. రెండూ ఒకే దిశలో ఉంటే పార్సెల్ ఆ గాడి వెంబడే విరుగుతుంది. ప్లాస్టిక్ కవర్లో మడిచాకే అట్టల మధ్య పెట్టాలి, టేపు పుస్తకానికి తగలకూడదు.

వచ్చిన వెంటనే పాతవాటితో కలపొద్దు. వెండిపురుగు గుడ్లు ఉండొచ్చు. జిప్ కవర్లో గాలి తీసేసి మూసి, డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు తెరవకుండా ఒక రోజంతా బయట ఉంచాలి. వెంటనే తెరిస్తే చల్లటి కాగితం మీద మన ఊరి గాలిలోని తేమంతా నీరై కూర్చుంటుంది.

నల్లగీత
గోదారిగట్టు గారూ, కవర్ల సైజు కూడా చెప్పండి. చాలామంది అమెరికా కామిక్ కవర్లు కొని ఇరుక్కుంటున్నారు.

గోదారిగట్టు
అవునండి. అమెరికా కామిక్ దాదాపు 17 × 26 సెంటీమీటర్లు. ఈ పత్రిక అంతకంటే పెద్దది, ఏ4కి దగ్గరగా ఉంటుంది. ముందు స్కేలుతో కొలిచి, అన్నివైపులా అర సెంటీమీటరు ఎక్కువ ఉన్న కవరు తీసుకోండి. పాలీప్రొపిలీన్ గానీ పాలియెస్టర్ గానీ అయి ఉండాలి. స్టేషనరీ దుకాణాల్లో దొరికే మెత్తటి, వాసనొచ్చే పీవీసీ కవర్లు వద్దు. దాన్ని మెత్తగా ఉంచే రసాయనం మెల్లగా బయటికొచ్చి అట్ట మీది సిరాని లాగేస్తుంది, కొన్నేళ్ళకి కవరు అట్టకి అతుక్కుపోతుంది.

లోపల వెనకవైపు ఆమ్లం లేని అట్ట ఒకటి పెట్టాలి. ఇది న్యూస్‌ప్రింట్ లాంటి చవక కాగితం. లిగ్నిన్ (చెక్కలో ఉండే పదార్థం) తీయకుండా చేసిన కాగితం కాబట్టి వెలుతురుకి, వేడికి పసుపెక్కి, ఆమ్లం పుట్టి పెళుసవుతుంది. జరిగిపోయిన పసుపుని వెనక్కి తేలేం. కాల్షియం కార్బొనేట్ కలిపిన అట్ట ఆ ఆమ్లాన్ని కొంత పీల్చుకుని నెమ్మది చేస్తుంది, అంతే. చొక్కాల ప్యాకెట్లో వచ్చే అట్టలు మాత్రం పెట్టొద్దు, అవే ఆమ్లం వదులుతాయి.

తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండాలి. కాకినాడ, విశాఖ వైపు వానాకాలం 80 దాటుతుంది. మూత బిగుసుకునే 25 లీటర్ల ప్లాస్టిక్ పెట్టెలో గుడ్డసంచిలో కట్టిన సిలికా జెల్ 150 గ్రాములు, పక్కనే చిన్న తేమ మీటరు పెట్టండి. మీటరు 40 కంటే దిగితే జెల్ సగం తీసేయాలి. మరీ ఎండితే కాగితం మడత దగ్గర చిట్లుతుంది. నారింజ రంగు గింజలు వాడండి. నీలం రంగువాటిలో కోబాల్ట్ ఉంటుంది, చేత్తో ముట్టుకునేచోట వద్దు. రంగు మారాక ఓవెన్లో 110-120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. కలరా ఉండలు పెట్టెలో వేయొద్దు, వాసన కాగితానికి పట్టి వదలదు.

పడుకోబెట్టి పేరిస్తే ఒక దొంతరలో 20కి మించొద్దు. పిన్నుల వైపు లావుగా ఉంటుంది కాబట్టి ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి పేర్చాలి.

సైబర్‌ట్రాన్_సత్తి
తుప్పు పట్టిన పిన్నులు తీసేయాలా, ఉంచాలా?

గోదారిగట్టు
పైపైన గోధుమరంగు మచ్చే అయితే కదపొద్దు, పొడి వాతావరణంలో ఉంటే అక్కడితో ఆగుతుంది. పొడి రాలుతుంటే తీయాలి. పుస్తకం నడిమికి తెరిచి, మొండి అంచున్న పల్చటి రేకుతో పిన్ను రెండు కాళ్ళు నిటారుగా లేపండి. తర్వాత తిప్పి అట్ట వైపు నుంచి వీపు పట్టుకుని మెల్లగా పైకి ఎత్తాలి. లోపలి నుంచి లాగితే చిల్లు చిరుగుతుంది. రాలిన తుప్పుని మెత్తటి పొడి కుంచెతో దులపాలి, తడి తగలనివ్వొద్దు. అవే చిల్లుల్లోంచి తెల్లటి నూలు దారం పోనిచ్చి లోపలివైపు వదులుగా ముడేస్తే చాలు. కొత్త పిన్నే కావాలంటే స్టెయిన్‌లెస్ స్టీలుది, పాత చిల్లుల్లోనే.

చిరుగులకి సెల్లోటేపు వేస్తే పదేళ్ళలో జిగురు పసుపురంగు చారగా దిగిపోతుంది. జపాన్ టిష్యూ కాగితాన్ని చిరుగు పొడవున అర సెంటీమీటరు వెడల్పుగా, కత్తిరించకుండా చించి తీసుకోండి, అంచు నార చక్కగా కలిసిపోతుంది. జిగురుకి మిథైల్ సెల్యులోజ్, 100 మిల్లీలీటర్ల నీళ్ళకి 3 గ్రాములు. పొడిని ముందు మూడోవంతు వేడినీళ్ళలో కలియబెట్టి, తర్వాత మిగతా నీళ్ళు చల్లటివి పోయాలి. నేరుగా చన్నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది. టిష్యూకి పల్చగా రాసి, ఎక్కువైన తడిని అద్దుడు కాగితంతో తీసేశాకే అంటించండి. తడి ఎక్కువైతే న్యూస్‌ప్రింట్ మీద నీటి గీత పడుతుంది, అది పోదు. మైదా జిగురు వాడితే పురుగుల్ని మనమే పిలిచినట్టు.

నల్లగీత
స్కాన్ చేసుకునేవాళ్ళకి నా వంతు. ఇది సొంత వాడకానికే, నెట్‌లో పంచడానికి కాదు.

రంగుల పేజీలు 400 డీపీఐ, నలుపు తెలుపు కథలు 600 డీపీఐ గ్రేస్కేల్. నలుపు తెలుపే కదా అని రెండు రంగుల లైన్ ఆర్ట్ మోడ్ పెడితే ఆండ్రూ వైల్డ్‌మన్, జెఫ్ సీనియర్ గీసిన సన్నటి నీడలు గడ్డకట్టిపోతాయి. ప్రతి పేజీ వెనక దట్టమైన నల్ల కాగితం పెట్టండి. పల్చటి కాగితం కదా, లేకపోతే వెనక పేజీ బొమ్మ ఇటు తేలుతుంది. ఎంతోమంది గంటల తరబడి కంప్యూటర్లో దిద్దే మరక ఇదే, నల్ల కాగితం ఒక్కటి పెడితే రాదు.

అమెరికా కథల పేజీల్లో రంగు చుక్కలుగా అచ్చయి ఉంటుంది. వాటిని చిన్నగా చేయగానే అలల్లాంటి గీతలు తేలతాయి. స్కానర్‌లో డీస్క్రీన్ (అచ్చు చుక్కల్ని కలిపేసే సెట్టింగు) ఆన్ చేయండి, లేదా పూర్తి సైజులో తీసి కొద్దిగా బ్లర్ చేశాకే తగ్గించండి. బ్రిటన్‌లో రంగులు వేసిన పేజీల్లో చాలావాటికి కుంచెతో పూసినట్టు నిండు రంగు ఉంటుంది. వాటికి డీస్క్రీన్ ఎక్కువ పెడితే గీత మెత్తబడుతుంది. ఒకే సంచికలో రెండు రకాలూ ఉంటే సెట్టింగు పేజీని బట్టి మార్చాల్సిందే.

ఆటో లెవల్స్ వాడొద్దు. పసుపెక్కిన కాగితాన్ని తెల్లగా చేయబోయి అది ప్రైమ్ ఎరుపుని గులాబీ చేస్తుంది. ఖాళీ మార్జిన్ మీద వైట్ పాయింట్ మీరే పెట్టండి.

ఫైళ్ళ పేర్లు మూడంకెల్లో ఉంచండి: 001, 078, 332. లేకపోతే 9 తర్వాత 10 కాకుండా 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది.

ఆదివారం_అబిడ్స్
వార్షిక సంచికల మాట గూడ జెర చెప్పండి. అవి వరుసల ఏడ చదవాలె?

బర్మింగ్‌హామ్_బాబాయ్
గట్టి అట్ట వార్షిక సంచికలు క్రిస్మస్‌కి ముందు వచ్చేవి, అట్ట మీద మరుసటి ఏడాది అంకె ఉంటుంది. కొనేటప్పుడు ఆ ఒక్క ఏడాది తేడా గుర్తుపెట్టుకోండి. బొమ్మల కథలతో పాటు వచనంలో రాసిన కథలూ ఉంటాయి. వచ్చిన ఏడాది డిసెంబరు సంచికల పక్కన పెట్టి చదివితే సరిపోతుంది. కొనేముందు పేరు రాసే పేజీ, పజిల్ పేజీలు ఫొటో అడగండి, పెన్నుతో నింపేసినవే ఎక్కువ. వీటికి పిన్నుల బెడద లేదు గానీ వీపు జిగురు ఎండి ఊడుతుంది. 180 డిగ్రీలు తెరిచి బల్ల మీద పరచొద్దు, రెండువైపులా దిండు ఆసరా పెట్టి సగమే తెరవండి.

నీలిసిరా
అందరికీ ధన్యవాదాలు. మొదటి పోస్టు కింద వరస చేరుస్తున్నాను: 1-8, 9-17, 47-50, 78-88, తర్వాత వెనక్కొచ్చి 18-46, 51-77, ఆపైన 89 నుంచి 205 దాకా నంబరు ప్రకారం. నలుపు తెలుపు కథలు విడిగా. సత్తి గారూ, 113 నుంచి డెత్స్ హెడ్ కనిపించే సంచికల నంబర్లు మీ దగ్గరుంటే పెట్టండి, వాటినీ కలుపుతాను.

సైబర్‌ట్రాన్_సత్తి
113-114, ఆ తర్వాత 146-151 ‘లెగసీ ఆఫ్ యూనిక్రాన్’. ఇవి వరసగా దొరికితే ఒక్క కూర్చోవడంలో చదివేయొచ్చు. 146-151 కొనేటప్పుడు ఆరూ ఒకే అమ్మకందారు దగ్గర తీసుకోండి, ఒక్కటి తప్పినా కథ మధ్యలో తెగిపోతుంది.